బస్తీ బడి, బస్తీ రాబడి

జూన్ 12న బడులు తెరుస్తారనగా బోరబండ, అడ్డగుట్ట, రసూల్‌పుర వంటి హైదరాబాద్ బస్తీలలో చాలా ఇళ్లు మే నెలాఖరు నుంచే ఒక లెక్క మొదలుపెడతాయి. మొదటి టర్మ్ ఫీజు, బడిలోనే కొనాలని చెప్పే పుస్తకాల సెట్, రెండు జతల యూనిఫాం, వారానికొకసారి వేసుకునే తెల్లడ్రెస్సు, బూట్లు, వ్యాన్ చార్జీ అన్నీ కలిపి పది పదిహేను రోజుల్లోనే చెల్లించాలి. అందుకోసం చిట్టీ పాడుకోవడమో, వడ్డీకి తేవడమో, ఇంట్లో ఉన్న కాస్త బంగారం తాకట్టు పెట్టడమో తప్పదు. అదే బస్తీ చివర ప్రభుత్వ పాఠశాల ఉంటుంది. అక్కడ ఫీజు లేదు, పుస్తకాలూ యూనిఫాం ఉచితం, మధ్యాహ్నం భోజనం పెడతారు, టీచర్లు డీఎస్సీలో పోటీపడి ఎంపికైనవారు. అయినా ఈ నగరంలో ఎక్కువమంది పిల్లలు ప్రైవేటు బడులకే వెళుతున్నారు. ఉచితంగా దొరికే దాన్ని వదిలి అప్పు చేసి మరీ వేరే బడికి పంపే తల్లిదండ్రులను అమాయకులని తీసిపారేయలేం. ఉచిత బడిలో వాళ్లకు ఏదో లోటు కనిపిస్తోందనే అర్థం చేసుకోవాలి.

ఆ లోటు ఖరీదు ఎంత, దాన్ని పూడిస్తే లాభం ఎవరికి చేరుతుంది అన్నవి ప్రభుత్వ బడుల నిధుల చర్చలో అరుదుగా వినిపించే ప్రశ్నలు. ఈ ఖర్చును సాధారణంగా సంక్షేమం ఖాతాలో రాస్తారు, అంటే లేనివారికి ఉన్నవారు పెట్టే ముద్దగా చూస్తారు. లెక్కను బస్తీ వైపు నుంచి వేస్తే రూపం మారుతుంది. పెద్ద ఖర్చు ఇప్పటికే జరిగిపోతోంది. దాన్ని పనికి తెచ్చే చిన్న ఖర్చు దగ్గరే చేయి బిగుసుకుంటోంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రాథమిక పాఠశాలలో ముగ్గురు టీచర్లున్నారు, సగటున నెలకు 60,000 రూపాయల జీతం అనుకుంటే ఏడాదికి 21 లక్షల 60 వేలు. బడిలో 30 మంది పిల్లలే ఉంటే జీతాల భారమే తలకు 72,000 పడుతుంది. అదే ముగ్గురు టీచర్లతో 90 మంది చదివితే 24,000కు దిగుతుంది. విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మంది పిల్లలకు ఒక టీచరు చొప్పున ఉండాలంటుంది కాబట్టి 90 మంది అంటే కిక్కిరిసిన తరగతులేమీ కావు. 30 మందితో నడిచినా 90 మందితో నడిచినా ఖజానా నుంచి వెళ్లే జీతం అంతే. తేడా అంతా ఆ 60 ఖాళీలు నిండుతాయా లేదా అన్నదానిలో ఉంది.

మరి అవి ఎందుకు నిండవు? చాలా బడుల్లో సమాధానం మరుగుదొడ్డి తలుపు దగ్గరే దొరుకుతుంది. ఉన్న రెండు గదుల్లో ఒకదానికి తాళం వేసి ఉంటుంది, తాళంచెవి స్టాఫ్ రూమ్ మేకుకు వేలాడుతుంది. రెండోదానిలో నల్లా తిప్పితే గాలి చప్పుడు తప్ప నీళ్లు రావు. మూలన ప్లాస్టిక్ డ్రమ్ము, దానిలో అడుగున అంగుళం నీళ్లు, తేలుతున్న మగ్గు. కట్టినప్పుడు గోడలకు వేసిన టైల్స్ మాత్రం బాగానే ఉంటాయి. కట్టడానికి నిధులు వచ్చాయి, కడగడానికి మనిషిని పెట్టుకునే డబ్బు రాలేదు. ఆరో తరగతికి వచ్చిన ఆడపిల్ల ఇంటి నుంచి బయలుదేరేముందు నీళ్లు తాగడం మానేస్తుంది, నెలలో కొన్ని రోజులు బడికి రావడమే మానేస్తుంది. బడుల్లో మరుగుదొడ్లు కట్టించిన తర్వాత భారతదేశంలో చేరికలు పెరిగాయనీ, ఎదిగే వయసు ఆడపిల్లల విషయంలో మాత్రం వారికి విడిగా ఉన్నప్పుడే ఆ ఫలితం కనిపించిందనీ ఆర్థికవేత్త అంజలి అదుకియా పరిశోధన తేల్చింది. ఆ మాట బడిలో పనిచేసే ఏ టీచరమ్మను అడిగినా చెబుతుంది.

ఈ లోటును ప్రభుత్వాలు అసలు గుర్తించలేదనడం సరికాదు. 2022లో మొదలైన ‘మన ఊరు - మన బడి’ పథకాన్ని నగరంలో ‘మన బస్తీ - మన బడి’ అన్నారు. రాష్ట్రంలో 26,065 బడులను మూడు విడతల్లో బాగుచేయడానికి 7,289 కోట్ల రూపాయల పైచిలుకుతో దాన్ని ప్రకటించారు. ప్రభుత్వం మారాక 2024లో మహిళా పొదుపు సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి మరమ్మతులు వారికి అప్పగించారు. ఆ రెంటికంటే తక్కువ ప్రచారం దక్కినా ఎక్కువ విలువైన నిర్ణయం అదే ఏడాది వచ్చింది. పారిశుద్ధ్యం కోసం విద్యార్థుల సంఖ్యను బట్టి ఒక్కో బడికి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల వరకు ఇవ్వాలని ఉత్తర్వులు వెలువడ్డాయి, సెప్టెంబరులో ప్రభుత్వ బడులకు ఉచిత విద్యుత్తు ప్రకటించారు. పై ఉదాహరణలోని 90 మంది పిల్లల బడికి ఆ లెక్కన నెలకు 6,000 వస్తుంది. పది నెలలకు 60,000. ముగ్గురు టీచర్ల జీతాలతో పోలిస్తే అది మూడు శాతం కూడా కాదు. ఆ మూడు శాతం లేకపోతే మిగిలిన 97 శాతం సగం వృథా. ఇలాంటి గ్రాంట్లు ఎప్పుడు మంజూరవుతాయి, ఎప్పుడు చేతికందుతాయి అన్నదానిపై ఉపాధ్యాయ సంఘాలకు ఉన్న ఫిర్యాదు పాతదే. చీపురు కట్టకూ ఫినాయిలుకూ ప్రధానోపాధ్యాయులు జేబులోంచి పెట్టుకుని బిల్లు కోసం ఎదురుచూడటం బడి వాతావరణంలో భాగమైపోయింది.

దాతలదీ ఇదే తీరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన సంస్థలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి, విద్య అందులో అనుమతించిన అంశం. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలకు కొదవ లేదు కనుక కంప్యూటర్లు, డిజిటల్ బోర్డులు, గోడల మీద బొమ్మలు బాగానే వస్తాయి. ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టగలిగిన దానికే దాత దొరుకుతాడు. సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించే బిల్లు మీద ఎవరి పేరు చెక్కిస్తారు?

ఏ ఖర్చు ఫలిస్తుంది, ఏది ఫలించదు అన్నదానికి తెలుగు నేల మీదే ఒక మంచి ఆధారం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, జిష్ణు దాస్ తదితర ఆర్థికవేత్తలు ప్రభుత్వ బడులకు పిల్లల అవసరాల కోసం ఇచ్చిన చిన్న గ్రాంటు ఫలితాన్ని పరిశీలించారు. ఊహించని విధంగా గ్రాంటు వచ్చిన మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది కూడా వస్తుందని తల్లిదండ్రులకు ముందే తెలిసింది కాబట్టి పుస్తకాలకూ పెన్నులకూ తాము పెట్టే ఖర్చు వారు తగ్గించుకున్నారు, మార్కులలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. దీన్ని చూపి బడికి డబ్బు ఇవ్వడం దండగ అనేవారున్నారు. అది తొందరపాటు. మొదటి సంగతి, ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు, కుటుంబం చేతిలో మిగిలింది, బియ్యానికో మందులకో వెళ్లింది. రెండోది ఇంకా ముఖ్యం. కుటుంబం తనంతట తాను కొనుక్కోగలిగిన వస్తువును బడి కొనిస్తే కుటుంబం తప్పుకుంటుంది. నోటుపుస్తకాన్ని తండ్రి కొనగలడు, బడి ప్రహరీ గోడను కట్టలేడు. గణితం చెప్పే టీచరును, నీళ్లొచ్చే నల్లాను, ఆడుకునే స్థలాన్ని ఏ తల్లీ విడిగా కొని తేలేదు. ప్రజల డబ్బు మొదట చేరాల్సింది ఈ రెండో రకానికి.

ప్రభుత్వ బడి మీద ఉన్న గట్టి అభ్యంతరాన్నీ దాచిపెట్టకూడదు. ఉమ్మడి రాష్ట్రంలోనే మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ జరిపిన మరో అధ్యయనంలో లాటరీ ద్వారా వోచర్లు, అంటే ప్రైవేటు బడి ఫీజుకు సాయం, పొంది ఆ బడులకు వెళ్లిన గ్రామీణ పిల్లలు తెలుగులో, గణితంలో ప్రభుత్వ బడి పిల్లల కంటే మెరుగ్గా ఏమీ రాలేదని తేలింది. కానీ ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వం పెట్టిన దానిలో మూడో వంతు కంటే తక్కువ. చవక ప్రైవేటు బడుల గురించి ప్రపంచమంతా చర్చ జరగడానికి కారకుల్లో ఒకరైన జేమ్స్ టూలీ తన పరిశోధనకు హైదరాబాద్ పాతబస్తీ సందులనే ఎంచుకోవడం కాకతాళీయం కాదు. 2003లో దేశవ్యాప్తంగా జరిగిన ఆకస్మిక తనిఖీల సర్వేలో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరని కూడా తేలింది. ఇవన్నీ నిజాలే. వీటిలో మొదటిది చెబుతున్నదేమిటంటే, ఇళ్లవాళ్లు అప్పు చేసి కడుతున్న ఫీజుకు చదువులో అదనంగా దక్కుతున్నది వారు అనుకున్నంత లేదు. ఖర్చు తేడాలో ప్రధాన భాగం టీచర్ల జీతాలదే, పిల్లలు పెరిగేకొద్దీ తలకు పడే ఆ భారం తగ్గే దారిని పైన చూశాం. ఇక గైర్హాజరు విషయానికొస్తే, అదే సర్వేలో వసతులు బాగున్న బడుల్లో, తనిఖీ అధికారి ఈమధ్యే వచ్చి వెళ్లిన బడుల్లో టీచర్లు ఎక్కువగా కనిపించారు. టీచరమ్మకూ మరుగుదొడ్డి కావాలి కదా.

దీర్ఘకాలంలో ఫలితం ఎంత అన్నదానికి ఇతర దేశాల అనుభవం ఉంది. ఇండొనేషియా 1973 - 78 మధ్య చమురు ఆదాయంతో 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. ఆ పిల్లలు పెద్దవారయ్యాక ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో వారి సంపాదనను పరిశీలించి 2001లో ఫలితాలు ప్రచురించారు. వెయ్యి మంది పిల్లలకు ఒక బడి చొప్పున పెరిగిన చోట వేతనాలు 1.5 నుంచి 2.7 శాతం పెరిగాయి. అమెరికాలో కోర్టు తీర్పుల వల్ల బడుల నిధులు పెరిగిన ప్రాంతాల పిల్లలను అనుసరించిన మరో అధ్యయనం 2016లో వచ్చింది. పన్నెండేళ్ల పాటు ఒక్కో విద్యార్థిపై ఖర్చు 10 శాతం పెరిగితే పెద్దయ్యాక వేతనం సుమారు 7 శాతం పెరిగిందని, పేద కుటుంబాల పిల్లల్లో ఈ లాభం మరింత స్పష్టమని అది లెక్కగట్టింది. అక్కడి అంకెలను ఇక్కడికి యథాతథంగా తేలేం. అయితే రెండు చోట్లా ఒక సంగతి సమానం. ఫలితం కనపడటానికి ఇరవై ముప్పై ఏళ్లు పట్టింది, అంటే నాలుగైదు ఎన్నికలు దాటిపోయాయి. బడిని ఎవరూ వద్దనకపోయినా ఎవరూ పట్టించుకోకపోవడానికి ఇదొక కారణం.

వెంటనే కనిపించే ఫలితం ఏదైనా ఉందంటే అది మధ్యాహ్నం పళ్లెంలో ఉంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచి బడుల్లో వండిన భోజనం పెడుతున్నారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ప్రాథమికోన్నత తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నియమం. తెలంగాణ సన్నబియ్యం, వారానికి మూడు గుడ్లు దానికి చేర్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఏళ్ల తరబడి పిల్లల ఎదుగుదలను అనుసరించిన యంగ్ లైవ్స్ పరిశోధన ఆధారంగా జరిగిన ఒక విశ్లేషణలో, కరువు వచ్చి దెబ్బతిన్న కుటుంబాల పిల్లలకు ఈ భోజనం పోషక లోపాన్ని పూడ్చిందని తేలింది. 2021లో వచ్చిన మరో పరిశోధన ఇంకో తరం ముందుకు వెళ్లింది. బడిలో ఈ భోజనం తిని పెరిగిన ఆడపిల్లలు తల్లులయ్యాక వారి పిల్లల ఎత్తు కూడా మెరుగ్గా ఉందని గమనించింది. బస్తీలో దాని అర్థం మరీ సూటిగా ఉంటుంది. ఉదయం ఆరింటికే నాలుగిళ్లలో పనికి వెళ్లే తల్లికి పిల్లల మధ్యాహ్నం అన్నం గురించి ఆలోచన ఉండదు, రెండింటికి పరిగెత్తి రావాల్సిన అవసరం ఉండదు, ఇంకో ఇల్లు ఒప్పుకోవచ్చు. ఆ ఐదో ఇంటి జీతం ఏ బడ్జెట్ పత్రంలోనూ విద్యాశాఖ సాధించిన ఫలితంగా నమోదు కాదు.

కాని ఆ భోజనం వండే మహిళల సంగతి వేరు. కేంద్రం వారికి నిర్ణయించిన గౌరవ వేతనం 2009 నుంచి నెలకు 1,000 రూపాయల దగ్గరే ఆగిపోయింది. తెలంగాణ తన వాటా కలిపి దాన్ని 3,000 చేసింది. బడి ఖర్చు స్థానికంగా ఉపాధి ఇస్తుందని చెప్పేటప్పుడు ఆ ఉపాధి ఎంత పలచనిదో కూడా చెప్పాలి. యూనిఫాం కుట్టు పని కొంత మెరుగు. దాన్ని మహిళా సంఘాలకు అప్పగించి 2024లో జతకు ఇచ్చే కూలిని 50 నుంచి 75 రూపాయలకు పెంచారు. పెద్ద టెండరుదారుకు వెళ్లే సొమ్ము బస్తీలోని కుట్టుమిషన్ దగ్గరికి రావడం చిన్న విషయం కాదు.

ఇక ఫీజుల లెక్క. ఒక బస్తీలో వంద మంది పిల్లలు ప్రైవేటు నుంచి ప్రభుత్వ బడికి మారారనీ, ఒక్కొక్కరికి అన్నీ కలిపి ఏడాదికి 25,000 ఖర్చయ్యేదనీ అనుకుందాం. 25 లక్షల రూపాయలు ఆ బస్తీ ఇళ్లలో మిగులుతాయి. అందులో కొంత కిరాణాకు, కొంత వైద్యానికి, కొంత చిట్టీకి వెళుతుంది, ఎంతో కొంత వడ్డీ వ్యాపారికి వెళ్లడం ఆగుతుంది. అయితే ఈ 25 లక్షలనూ నికర లాభంగా చూపడం నిజాయితీ కాదు. అందులో ఒక భాగం అదే బస్తీలో అద్దెకుంటూ చిన్న ప్రైవేటు బడిలో స్వల్ప జీతానికి పాఠాలు చెప్పే డిగ్రీ చదివిన అమ్మాయిదో, ఆ బడి వ్యాన్ నడిపే డ్రైవరుదో అవుతుంది. ఒకచోట మిగిలింది ఇంకోచోట తగ్గుతుంది. నికరంగా మిగిలేది వేరే ఉంది. ఇప్పటికే జీతం చెల్లిస్తున్న టీచరు సామర్థ్యం వాడకంలోకి వస్తుంది, పిల్లల ప్రయాణం తగ్గుతుంది, అప్పుల భారం తగ్గుతుంది.

నడిచి వెళ్లగలిగే దూరంలో బడి ఉండటం నగరంలో చిన్న వసతి కాదు. ఎనిమిదేళ్ల పిల్లను ఒంటరిగా మెయిన్ రోడ్డు దాటించలేక ఇంట్లో ఒక మనిషి పని మానుకుని తీసుకెళ్లి తెచ్చే ఇళ్లు బస్తీల్లో ఎన్నో. పోలింగ్ కేంద్రం బడే, టీకాల శిబిరం బడిలోనే, వాన ముంచెత్తిన రాత్రి తలదాచుకునేదీ తరచూ బడి గదుల్లోనే. ఇరుకు ఇళ్ల మధ్య కాస్త ఖాళీ జాగా మిగిలిందంటే అదీ బడి ఆవరణే. ఆ కొద్ది నేలకు ప్రహరీ లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్ వాసులకు చెప్పనక్కర్లేదు. ముందు ఒక డబ్బా కొట్టు, తర్వాత పార్కింగ్, ఆ తర్వాత కోర్టు కేసు.

లాభం ఇంత స్థానికమైనప్పుడు పెత్తనం స్థానికంగా లేకపోవడం విచిత్రం. ముంబయిలో నగరపాలక సంస్థే బడులు నడుపుతుంది. హైదరాబాద్‌లో ప్రభుత్వ బడులు రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ చేతిలో ఉంటాయి. నిధులు రాష్ట్ర బడ్జెట్ నుంచి, 60:40 నిష్పత్తిలో కేంద్రం వాటా కలిసే సమగ్ర శిక్ష నుంచి వస్తాయి. నగరవాసి కట్టే ఆస్తిపన్ను రసీదులో గ్రంథాలయ పన్ను 8 శాతం విడిగా కనిపిస్తుంది, ఆ సొమ్ము గ్రంథాలయాలకు సకాలంలో చేరుతుందా అన్నది వేరే కథ. బడికి అటువంటి గీత ఏదీ లేదు. అందువల్ల బస్తీ బడిలో నల్లా పాడైతే కార్పొరేటరును నిలదీసే హక్కు బస్తీకి ఉన్నట్టూ ఉండదు, లేనట్టూ ఉండదు. ఆయన జిల్లా విద్యాశాఖాధికారిని (డీఈఓ) చూపిస్తారు, డీఈఓ కార్యాలయం గ్రాంటు రాలేదంటుంది. ఆస్తి విలువ ఉన్నచోటే బడి బాగుపడే అమెరికా పద్ధతిని తెచ్చుకోమనడం కాదు, అలా చేస్తే జూబ్లీహిల్స్ డివిజన్‌కు డబ్బు, చాంద్రాయణగుట్టకు కొరత మిగులుతాయి. జీతాలు, భవనాలు రాష్ట్రమే చూసుకుంటూ, నిర్వహణ సొమ్ము మాత్రం నగరమంతటి ఆస్తిపన్ను నుంచి విద్యార్థుల సంఖ్య ప్రకారం ప్రతి నెలా నేరుగా బడి ఖాతాలో పడేలా చేస్తే అడిగేవారికీ జవాబు చెప్పేవారికీ మధ్య దూరం తగ్గుతుంది.

రాష్ట్ర స్థాయిలో చూస్తే 2025-26 బడ్జెట్‌లో 3,04,965 కోట్ల మొత్తంలో విద్యకు 23,108 కోట్లు, అంటే సుమారు 7.6 శాతం కేటాయించారు. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఇవ్వాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది, 2020 జాతీయ విద్యా విధానం అదే అంకెను మళ్లీ రాసుకుంది. మొత్తం పెరగాలన్నదానిపై వివాదం లేదు. కానీ పెరిగిన ప్రతి రూపాయీ కొత్త భవన సముదాయాలకే వెళితే, అద్దె భవనాల్లో, ఒకే ఆవరణలో రెండు మూడు బడులు సర్దుకుంటున్న నగరంలో ఇప్పుడున్న తరగతులు అలాగే ఉంటాయి.

ఏటా జూన్‌లో బడిబాట పేరుతో టీచర్లు కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంగ్లిష్ మీడియం ఉందని, టీచర్లు శిక్షణ పొందినవారని చెబుతారు. గుమ్మంలో నిలబడ్డ తల్లులు దాన్ని కాదనరు. తరగతికొక టీచరు ఉన్నారా, బాత్రూంలో నీళ్లొస్తాయా, గేటు దగ్గర ఎవరైనా ఉంటారా అని అడుగుతారు. ఆ మూడింటికీ ఔనని చెప్పగలిగిన బడికి పేరు రాయించడానికి ఆధార్ కార్డు జిరాక్సు తీసుకుని తల్లులే వస్తారు.